చెప్తే అమ్మమ్మ ఏడుస్తుంది

పోయినవారం మనం మంత్రసానమ్మని ఆటగది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. "వచ్చే మంగళవారం పాపని ఆడుకోనిచ్చి మీరు నా గదిలోకి రండి పెద్దమ్మా, మనిద్దరమే మాట్లాడుకోవాలి" అని, జడుసుకున్న పిల్లల మనసు కుదుటపరిచే కౌన్సిలరమ్మ అనగానే ఆవిడ గుండె జారిపోయింది. ఎందుకు జారిందో మనకి తెలుసు. ఆర్నెల్ల కిందట యుద్ధం ఊరిమీద పడ్డప్పుడు, కూతురినీ మనవరాలినీ ఒకే గోడ కింద పోగొట్టుకుని ఆవిడ ఒక్కతే వంతెన వైపు నడిచింది. దారిలో ఆగిపోయిన బస్సు పక్కన ఒంటరిగా కూర్చున్న ఆడపిల్ల కనిపించింది. ఎత్తుకుంది. సరిహద్దు దాటాక పేర్లు రాసే గుమాస్తా "ఈ పాప ఎవరు?" అంటే "నా మనవరాలు" అంది. చచ్చిపోయిన మనవరాలి పేరే రాయించింది. ఆ పిల్ల ఆ రోజు మూసిన నోరు ఇంతవరకూ తెరవలేదు.

ఆ మంగళవారం రానే వచ్చింది.

పొద్దున లేచిన దగ్గర్నుంచి మంత్రసానమ్మ పిల్లకి జడ మూడుసార్లు వేసి మూడుసార్లు విప్పింది. వాళ్ళుండేది పాత మిల్లు గోడౌన్. తాళ్ళు కట్టి, దుప్పట్లు వేలాడదీసి, నలభై కుటుంబాలకి నలభై గదులు చేశారు. దుప్పటికి ఇవతల దగ్గితే అవతలివాళ్ళు మందు పేరు చెప్తారు.

"కుదరంది జడా, మనసా?" అని పక్క దుప్పటి వెనకనుంచి కుట్టుమిషనావిడ అడిగింది.

"నీకు కుట్టడానికి గుడ్డలు అయిపోయాయా, నా జోలికొచ్చావు?" అని కసిరింది మంత్రసానమ్మ.

పిల్ల మాత్రం కిక్కురుమనలేదు. అది కిక్కురుమని ఆర్నెల్లయింది.

మంచం కింద సంచీ సర్దే ఉంచింది మంత్రసానమ్మ. రెండు జతల బట్టలు, నీళ్ళ సీసా, పోయిన మనవరాలి టీకాల కార్డు. మాట తేడాగా వస్తే పిల్లని తీసుకుని వెళ్ళిపోవాలని. ఎక్కడికో ఆవిడకే తెలీదు.

కౌన్సిలరమ్మ గది గోడౌన్ వెనక, ఒకప్పుడు మిల్లు లెక్కలు రాసుకునే చోట ఉంది. దానికీ ఆటగదికీ మధ్య ఒక అద్దం కిటికీ. ఆటగదిలో ఇసుక తొట్టి, చెక్క ఇల్లు, గుడ్డ బొమ్మలు. పిల్ల అలవాటుగా వెళ్ళి ఇసుక తొట్టి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. మంత్రసానమ్మ దాన్ని కిటికీలోంచి ఓసారి చూసి, ఇవతల కుర్చీ అంచుమీద కూర్చుంది. కౌన్సిలరమ్మ బల్ల వెనక కూర్చోలేదు. తన కుర్చీ కూడా లాక్కుని ఎదురుగా వచ్చి కూర్చుంది. మహా అయితే ముప్ఫై ఏళ్ళుంటాయి ఆ అమ్మాయికి. బతికుంటే కూతురూ ఆ ఈడుదే.

"టీ తెప్పించనా పెద్దమ్మా?"

"వద్దమ్మా. చెప్పాల్సిందేదో చెప్పెయ్యి. నొప్పులు పడేవాళ్ళని మూడు ఊళ్ళలో చూసినదాన్ని. కాసేపాగి పడతానంటే ఆగేవి కావవి."

కౌన్సిలరమ్మ నవ్వలేదు.

"పాప మాట్లాడింది."

మంత్రసానమ్మ లేచి నిలబడింది. మొహం వెలిగింది, వెలిగినంత సేపట్లోనే మాడిపోయింది. ఇన్నాళ్ళూ దేనికోసం దేవుళ్ళందరికీ మొక్కిందో, దేనికి వణికిపోయిందో, ఆ రెండూ ఒకటే.

"ఎప్పుడు? ఏమంది?"

"పోయిన మంగళవారం. నాతో కాదు. నేను మూల కూర్చుని బొమ్మకి బొత్తాం కుడుతున్నాను. మేం పిల్లల్ని ఏమీ అడగం కదా, ఆడుకోనిస్తాం అంతే. నేనున్నానని మర్చిపోయినట్టుంది. చిన్న బొమ్మని చెక్క ఇంట్లో కూర్చోబెట్టి దాని చెవిలో చెప్పింది." కౌన్సిలరమ్మ ఆటగది కిటికీ వైపు చూసింది. "'నీ పేరు చెప్పకు. చెప్తే అమ్మమ్మ ఏడుస్తుంది' అంది."

మంత్రసానమ్మ కొంగు సర్దుకుంది.

"పిల్లలు ఆటల్లో ఏవేవో అంటారు" అంది.

"అంటారు. అందుకే వారం ఆగాను. కానీ ఇంకోటి కూడా ఉంది. పళ్ళ డాక్టరు పోయిన నెల అందరు పిల్లల్నీ చూశాడు కదా. మన పాపకి ఏడేళ్ళు నిండాయన్నాడు. మీరిచ్చిన టీకాల కార్డులో ఐదున్నర."

"మా వంశంలో పళ్ళు ముందే వస్తాయి."

"పెద్దమ్మా..."

"ఏంటి పెద్దమ్మా? దాన్ని కడుపులోంచి లాగింది నేను. బొడ్డు కోసింది నేను. నా మనవరాలెవరో నాకు నువ్వు చెప్తావా? నలుగురు పిల్లల పళ్ళు లెక్కపెట్టిన వాడొచ్చి చెప్తాడా?" గొంతు పెద్దదైంది. "తిండి పెడుతున్నారని, చోటిచ్చారని, ఏమన్నా పడతాననుకోకు. నీ బొమ్మలూ వద్దు, నీ మాటలూ వద్దు. పోతున్నాం."

విసురుగా ఆటగది తలుపు తోసింది. కౌన్సిలరమ్మ అడ్డం రాలేదు. ఒక అడుగు పక్కకి జరిగి దారి ఇచ్చింది.

"లే" అంది మంత్రసానమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని.

పిల్ల లేచింది. మారాం చెయ్యలేదు, ఎందుకనీ చూడలేదు. ముందు అమ్మమ్మ మొహంలోకి చూసింది. తర్వాత ఇసుక అంటుకున్న బొటనవేలిని ఫ్రాకుకి తుడుచుకుని, మునివేళ్ళమీద లేచి, ఆవిడ కంటి కింద ఒక పక్క, తర్వాత ఇంకో పక్క నెమ్మదిగా రాసింది. తడి లేదు. పిల్ల ఊపిరి వదిలింది.

ఇది కొత్త కాదు. రోజూ చేసేదే. సాయంత్రం పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున కళ్ళు తెరవగానే ఒకసారి. ముద్దు చేస్తోందనుకుని మంత్రసానమ్మ మురిసిపోయేది. కుట్టుమిషనావిడకి గొప్పగా చెప్పుకుంది కూడా. ఈ క్షణం దాకా ఆవిడకి తట్టలేదు, పిల్ల తనని కాపలా కాస్తోందని.

చెయ్యి వదిలేసింది. గోడ పట్టుకుని ఇవతలికి వచ్చి కుర్చీలో పడింది.

"నాదే తప్పు" అంది. "దాన్ని మూగదాన్ని చేసింది యుద్ధం కాదమ్మా. నేను."

కౌన్సిలరమ్మ తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

"ఆ రోజు పేర్లు రాసేచోట వరస వంతెన దాకా ఉంది. ఎవరూ లేని పిల్లల్ని వేరే బస్సు ఎక్కిస్తున్నారు. నా కళ్ళ ముందే నలుగుర్ని ఎక్కించారు. గుమాస్తా తలెత్తకుండా 'పాప పేరు?' అన్నాడు. ఇది నోరు తెరిచింది. మొదటి అక్షరం బయటికి కూడా వచ్చింది. నా చెయ్యి..." కుడి చెయ్యి తిప్పి చూసుకుంది. "నా చెయ్యి వెళ్ళి దాని నోటిమీద పడింది. గట్టిగా. దాని ముక్కు ఊపిరి నా వేళ్ళకి తగిలింది. 'భయపడిపోయింది బాబూ' అని నేనే పేరు చెప్పాను. వాడు రాసి అట్ట చేతికిచ్చాడు. నా మనవరాలి పేరు. అది చూసేసరికి అప్పటిదాకా బిగబట్టిందంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. ఆ బల్ల పక్కనే కూలబడి పొద్దుగూకేదాకా ఏడ్చాను. ఇది నా పక్కన కూర్చుని చూస్తూనే ఉంది."

"అప్పట్నుంచీ..."

"అప్పట్నుంచే. పుట్టి ఏడవని బిడ్డల్ని వీపు చరిచి ఏడిపించిన చెయ్యమ్మా ఇది. ఎన్నిసార్లో లెక్కలేదు. ఏడిస్తేనే బతికినట్టు. ఆ చేత్తోనే..."

కౌన్సిలరమ్మ నీళ్ళ గ్లాసు అందించింది. మంత్రసానమ్మ తాగలేదు, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఆ రోజు మీరు కూడా దెబ్బతిన్న మనిషే పెద్దమ్మా. నెత్తురు కారితేనే దెబ్బ కాదు. మీ గురించి కూడా మాట్లాడుకోవాలి మనం. పాపతో ఒక గంట, మీతో వేరేగా ఒక గంట."

"నాకెందుకమ్మా. దాన్ని తీసుకుపోతారా? ఆ మాట చెప్పు."

"ఈ రోజు తీసుకుపోరు. నేను ఒప్పుకోను. తర్వాత ఏమవుతుందో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పి మిమ్మల్ని ఊరడించలేను."

"ఇది పైవాళ్ళకి రాయకుండా ఉండలేవా? నువ్వూ నేనే కదా వింది. నాలుగు గోడల మధ్య మాట."

కౌన్సిలరమ్మ కళ్ళు దించుకోలేదు. "లేను. దాస్తే ఆ పాప నోటిమీద ఇంకో చెయ్యి వేసినట్టే. ఈసారి నాది."

మంత్రసానమ్మకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "దానికి ఎవరూ లేరమ్మా" అంది నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు. "ఆ బస్సు దగ్గర మనిషన్నవాడు లేడు. దూరంగా ఏవో పేలుతున్నాయి. నేను ఎత్తుకోకపోతే..."

"మీరు ఎత్తుకోకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. అది కూడా రాస్తాను. మొదటి వాక్యంలోనే రాస్తాను."

కిటికీ అవతల పిల్ల ఇసుకలో గుంట తవ్వి, బొమ్మని దాచి, మళ్ళీ తీస్తోంది. మంత్రసానమ్మ చాలాసేపు చూసింది. ఇంక చెయ్యడానికి ఏం మిగల్లేదు, ఒకటి తప్ప.

"నేనే అడుగుతాను దాన్ని" అని లేచింది.

"అడక్కండి పెద్దమ్మా. అడిగితే బెదురుతుంది. చెప్పొచ్చు అని చెప్పండి. చాలు."

మంత్రసానమ్మ ఆటగదిలోకి వెళ్ళింది. ఇసుక తొట్టి పక్కన నేలమీద చతికిలబడింది. కీళ్ళు కటకటమన్నాయి. పిల్ల ఆడడం ఆపి చూసింది.

"ఇదిగో" అంది మంత్రసానమ్మ. "నీకు ఒక పేరుంది. నాకు తెలుసు. నేను పిలిచే పేరు కాదు, నీ పేరు. నువ్వు అది చెప్పొచ్చు. నేను కోప్పడను. చెయ్యి ఇదిగో, చూడు, నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఏడుస్తానేమో. ఏడిస్తే ఏడుస్తాను. పెద్దవాళ్ళు ఏడిస్తే ఏం కాదు. అది తుడవడం నీ పని కాదు."

పిల్ల బొమ్మ తల నిమిరింది. కిటికీ వైపు చూసింది. బొమ్మని ఇసుకలో నిలబెట్టింది. అది పడిపోయింది. మళ్ళీ నిలబెట్టింది. మంత్రసానమ్మ కదల్లేదు. బిడ్డ తల కనిపించాక తొందరపడకూడదని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడొచ్చింది గొంతు. బొంగురుగా, తుప్పు పట్టినట్టు. పిల్ల నిటారుగా కూర్చుని, చేతులు రెండూ పక్కకి పెట్టుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. తన పేరు. ఇంటిపేరు. నాన్న పేరు, అమ్మ పేరు. వీధి. వీధి చివర మందుల షాపు. షాపు పక్కన ఆకుపచ్చ తలుపు ఇల్లు. ఊపిరి తీసుకోకుండా చెప్పి, చివర్న "తప్పిపోతే ఇలాగే చెప్పాలి అని అమ్మ నేర్పింది" అంది.

మంత్రసానమ్మ కళ్ళు నిండిపోయాయి. పిల్ల అది చూసి టక్కున ఆగిపోయింది.

"ఏడుస్తున్నాను, అయితే ఏమైందీ?" అంది మంత్రసానమ్మ ముక్కు ఎగబీలుస్తూ. "ఇల్లేం కూలిపోలేదుగా. ఏడుస్తూ కూడా నీ పేరు పలకగలను. విను." పలికింది.

పిల్ల మొహం చిట్లించింది. "అలా కాదు. నువ్వు మధ్యలో సాగదీస్తున్నావు."

మళ్ళీ పలికింది. ఈసారి పిల్ల తలూపి, చాలా పెద్దమనిషిలా, "ఆఁ" అంది. కిటికీ అవతల కౌన్సిలరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

ఆర్నెల్ల తర్వాత ఆ ఇద్దరి మధ్యా మొదటిసారి మాట నడిచింది. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ నోరు తెరిచిన పిల్లకి చెప్పాల్సింది ఇంకా ఉంది.

"అమ్మ నీళ్ళ కోసం దిగింది" అంది పిల్ల.

"ఎక్కడ దిగింది?"

"బస్సు దగ్గర. అందరూ పరిగెత్తారు. నాకు దాహం వేసింది. 'నీళ్ళు తెస్తా, నేను వచ్చేదాకా ఇక్కడ్నుంచి కదలకు' అంది అమ్మ. నేను కదల్లేదు అమ్మమ్మా." పిల్ల ఒట్టు పెడుతున్నట్టు చూసింది. "నేను కదల్లేదు. నువ్వే ఎత్తుకున్నావు."

ఆ గొంతులో నింద లేదు. తాను తల్లి మాట జవదాటలేదని చెప్పుకుంటోందంతే. మంత్రసానమ్మకి మాత్రం గోడ ఇంకోసారి మీద కూలినట్టయింది. దిక్కులేని పిల్లని కాపాడాననే ఒక్క మాటని పట్టుకుని ఆర్నెల్లుగా బతుకుతోంది ఆవిడ. అబద్ధమాడినా, పేరు మార్చినా, ఆ ఒక్క మాట అడుగున నేలలా ఉండేది. ఇప్పుడు ఆ నేల లేదు.

"మరి... మరి అరవలేదేం తల్లీ?"

"అరిచాను. నువ్వు 'భయపడకు, నేనున్నాగా' అన్నావు. పరిగెత్తావు."

అన్నది. నిజమే. భుజం మీద పిల్ల తన్నుకుంటుంటే, బాంబులకి జడుసుకుంటోందనుకుంది. ఇంకా గట్టిగా అదుముకుని ఇంకా వేగంగా పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. నీళ్ళ సీసాతో ఒక తల్లి ఆ బస్సు చుట్టూ ఎన్నిసార్లు తిరిగి ఉంటుందో.

ఇవతలి గదిలోకి వచ్చేసరికి మంత్రసానమ్మ ఏడవడం మానేసింది. పిల్ల చెప్పిందంతా తలుపు సందులోంచి విన్న కౌన్సిలరమ్మ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు కాదమ్మా. నన్ను తర్వాత ఓదారుద్దువుగాని. తప్పిపోయినవాళ్ళ వివరాలు రాసుకునే ఆఫీసు ఉందట కదా, వాళ్ళకి ఫోన్ చెయ్యి. నా ముందే చెయ్యి. నా మనసు మారకముందే చెయ్యి."

కౌన్సిలరమ్మ ఫోను బల్లమీద పెట్టి, అవతలి గొంతు ఇద్దరికీ వినపడేలా చేసింది. అవతల వెతుకులాట ఆఫీసు గుమాస్తా. కౌన్సిలరమ్మ పాప పేరు, అమ్మ పేరు, వీధి, మందుల షాపు చెప్పింది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. చాలాసేపు. మంత్రసానమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. దొరక్కూడదని ఒక ఊపిరి, దొరకాలని ఒక ఊపిరి.

"ఉంది" అన్నాడు గుమాస్తా. "నాలుగు నెలల కిందటి దరఖాస్తు. ఆకుపచ్చ తలుపు అని కూడా రాసి ఉంది."

"ఎవరు రాయించారు?"

"తల్లి." మళ్ళీ కాగితం చప్పుడు. "ఒక్క నిమిషం అమ్మా... ఇదేంటి... ఇది రెండోది. ఇదే పేరు, ఇదే వీధి, ఇదే షాపు. ఇంకో ఊళ్ళో, అదే వారంలో ఇచ్చారు. ఇది కూడా తల్లే."

"ఒకావిడే రెండు చోట్ల ఇచ్చిందేమో?"

"లేదమ్మా. రాయించినవాళ్ళ ఫొటోలు వేరు. మనుషులు వేరు. ఇద్దరూ ఆ పాప తల్లిని నేనే అని సంతకం పెట్టారు. పాప దొరికిందని ఇప్పుడు ఇద్దరికీ కబురు వెళ్ళాలి, రూలు అది. ఎల్లుండి పదింటికి ఇద్దరూ మీ దగ్గరే ఉంటారు."

కౌన్సిలరమ్మ వెంటనే అందుకుంది. "పాపని మాత్రం ఇద్దరిలో ఎవరికీ చూపించం. ముందు వాళ్ళతో నేను మాట్లాడాలి, ఒక్కొక్కరితో విడివిడిగా." ఫోను పెట్టేసింది. బల్లమీది పెన్ను తీసి మళ్ళీ అక్కడే పెట్టింది. ఇంతసేపూ నిబ్బరంగా ఉన్న అమ్మాయి మొహంలో మొదటిసారి బెదురు కనిపించింది.

"పాపని అడగొచ్చు కదా అంటారు. కానీ పెద్దమ్మా, ఆర్నెల్లు నోరు మూసుకున్న పిల్ల. ఇవాళే తెరిచింది. ఎదురుగా ఇద్దరు మనుషులు నిలబడి అమ్మనంటే, అందులో ఒకరు ఏడిస్తే..." ఏడ్చినావిడ కోసం ఆ పిల్ల మళ్ళీ ఏం చేస్తుందో ఇద్దరికీ తెలుసు.

"ఒకావిడ తల్లి" అంది మంత్రసానమ్మ. గొంతు తొణకలేదు. "రెండో ఆవిడ ఆ వీధిలోనే ఉండి, తన పిల్లని పోగొట్టుకున్న మనిషై ఉంటుంది. నాలాంటిది."

"ఎవరు ఎవరో ఎలా తేల్చడం?"

మంత్రసానమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఈసారి అంచుమీద కాకుండా నిండుగా కూర్చుంది.

"నువ్వు మాట్లాడేటప్పుడు నన్ను ఆ గదిలో ఓ మూల కూర్చోనియ్యి. నేను నోరెత్తను. ఆ అబద్ధం ఆర్నెల్లు ఆడినదాన్ని తల్లీ, అది ఎదురుగా వచ్చి కూర్చుంటే నేను గుర్తుపట్టలేనా?"